నీళ్ల లెక్కతో పాటు బురద లెక్క కూడా తీయండి

గోదావరి నదీ యాజమాన్య బోర్డుకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లకు, రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఎండ్రకాయల గురించి. కోస్తా వాళ్లు వాటినే పీతలంటారు. వరంగల్ వైపు మనిషికి కాకినాడ దగ్గరి కోరంగి పీతలతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. వాటి దగ్గరికి పోయే నీళ్లు మా మీదుగానే పోతున్నాయి. అందుకే రాస్తున్నాను.

మా ఊరు ములుగు దాటాక, లక్నవరం చెరువు కింద. చిన్నప్పుడు వానకాలం నాట్లు పడగానే మా నాయిన పొద్దున్నే పార పట్టుకుని ఒడ్ల వెంట తిరిగేవాడు. ఎండ్రకాయ ఒడ్డుకు బొక్క పెట్టిందంటే తెల్లారేసరికి మడిలో నీళ్లన్నీ కింది మడికి జారిపోతాయి. అందుకని కనబడ్డదాన్ని కనబడ్డట్టు పట్టి బుట్టలో వేసేవాడు. సాయంత్రం మా అమ్మ పెద్దవాటిని కూరకు తీసిపెట్టి, చిన్నవాటిని రోట్లో వేసి దంచేది. ఆ ముద్దను నీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టి, చింతపండు, మిరియాలు, ఎల్లిగడ్డ వేసి మరిగించేది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా అదే మందు. ఆ రోలు దగ్గరికి మళ్లీ వస్తాను.

మా వైపు వాగుల నీళ్లు ఎక్కడికి పోతాయో అప్పుడు నాకు తెలియదు. జంపన్నవాగులో మునిగే మేడారం భక్తుల్లో ఎంతమంది ఆ నీళ్ల దారి గురించి ఆలోచిస్తారు? జంపన్నవాగు గోదావరిలో కలుస్తుంది. గోదావరి భద్రాచలం దాటి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి, గౌతమి పాయగా కోరంగి మడ అడవులను తడిపి సముద్రంలోకి పోతుంది.

పన్నెండేళ్ల కింద మా విద్యార్థులను కోరంగి తీసుకెళ్లాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు అది. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మేం వెళ్లింది పాటు వేళ. నీళ్లు వెనక్కి తగ్గి నల్లటి బురద బయటపడి ఉంది. ఆ బురద మీద వందల కొద్దీ చిన్న చిన్న పీతలు. మగవాటికి ఒక డెక్క మిగతా ఒళ్లంత పెద్దగా ఉంటుంది. చిన్న డెక్కతో అవి బురదను తీసి నోట్లో పెట్టుకుంటాయి. అందులో ఉన్న నాచునూ సూక్ష్మజీవులనూ జల్లించుకుని, మిగిలిన మట్టిని గోళీలా చేసి పక్కన పెడతాయి. నీళ్లు మళ్లీ పోటెక్కేదాకా ఇదే పని. పిల్లలు గంటసేపు అక్కడినుంచి కదల్లేదు. పడవ నడిపే పెద్దాయన మా యాస విని, ‘ఈ నీళ్లు మీ వైపునుంచి వచ్చేవేనండి. వరదొస్తే ఎర్రగా వచ్చి ఈ బురదంతా మారిపోద్దండి’ అన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు ఒక అమ్మాయి నన్ను అడిగింది. ‘మేడం, అడవి చుట్టూ బోర్డులున్నాయి, గార్డులున్నారు. నది వచ్చే దిక్కు ఎవరున్నారు?’ ఆ రోజు నేను ఆ పిల్లకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం ఆ జవాబు కోసమే.

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటివి చాలావరకు నీళ్లలో కరిగి ఎంతో దూరం పోవు. నదిలో కొట్టుకొచ్చే మెత్తటి ఒండ్రు రేణువులకు అంటుకుంటాయి. మంచినీళ్లు ఉప్పునీళ్లు కలిసే చోట ఆ రేణువులు ఒకదానికొకటి పట్టుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. మడ చెట్ల వేళ్లు ప్రవాహాన్ని నెమ్మదింపజేసి దిగినదాన్ని దిగినచోటే ఆపుతాయి. తీరాన్ని తుపానుల నుంచి కాపాడే గుణమే, నది మోసుకొచ్చిన లోహాన్ని కూడా అక్కడే నిలిపేస్తుంది. నది పొడవునా మనం వదిలినదాంట్లో మంచి భాగం చివరికి ఆ నల్ల బురదలో చేరుతుంది.

బురద లోపల గాలి ఉండదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది గంధకం వాసన. లోహాలు ఆ గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా మారి కదలకుండా పడుంటాయి. పీత బొరియ తవ్వుతుంది. రాలిన ఆకులను లోపలికి లాక్కెళ్తుంది. బొరియ వెంట గాలి, నీళ్లు లోపలికి దిగుతాయి. అందువల్లే మడ చెట్ల వేళ్లకు ఊపిరి ఆడుతుంది. పీతలు లేకపోతే ఆ అడవి నేల గట్టిపడి చెట్లకే కష్టమవుతుంది. కానీ అదే గాలి తగిలి సల్ఫైడ్లు విడిపోతాయి, లోహాలు మళ్లీ నీళ్లలోకి వస్తాయి. అడవికి మేలు చేసే పనిలోనే పీత ఆ విషానికి అందరికంటే ముందు ఎదురవుతుంది. గాలి లేని ఆ బురదలోనే కొన్ని బ్యాక్టీరియాలు మామూలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది పీతను తిన్న చేపలోకి, చేపను తిన్న పక్షిలోకి, మనిషిలోకి పోతూ ప్రతి మెట్టులో చిక్కబడుతుంది.

ఇక పీత ఒంటి సంగతి. దాని రక్తంలో ఆక్సిజన్ మోసేది మనలాగా ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. పీతకు రాగి, జింకు కావాలి. కాడ్మియం, సీసం, పాదరసం మాత్రం ఎందుకూ పనికిరావు. అయినా లోపలికి వస్తాయి. ఎలాగో మా క్లాసులో చెప్పినట్టే చెప్తాను. పీత పెరగాలంటే పాత పెంకు వదిలేయాలి. వదిలిన తర్వాత కొన్నాళ్లు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది. కొత్త పెంకు గట్టిపడడానికి మొప్పల ద్వారా నీళ్లలోని కాల్షియంను గబగబా లాగుతుంది. కాడ్మియం అయాను దాదాపు కాల్షియం అయాను అంతే ఉంటుంది. ఆ తలుపు తేడా పట్టదు, రెండింటినీ రానిస్తుంది. నది నీళ్లు ఎక్కువై ఉప్పుదనం తగ్గినప్పుడు ఇది ఇంకా ఎక్కువ. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ కాడ్మియంను కొంత పట్టి ఉంచుతుంది. వరద రోజుల్లో ఆ పట్టు కూడా సడలుతుంది.

లోపలికి వచ్చినదాన్ని పీత ఊరికే వదిలేయదు. మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీన్ తయారుచేసి దాన్ని కట్టిపడేస్తుంది. ఎక్కువగా హెపటోపాంక్రియాస్‌లో దాస్తుంది, అంటే కాలేయం పనీ క్లోమం పనీ రెండూ చేసే అవయవంలో. ఈ కాపలాకు శక్తి ఖర్చవుతుంది, అందుకే పెరుగుదల మందగిస్తుంది. పెంకు వదలడం ఆలస్యమవుతుంది. తెగిన కాలు మళ్లీ మొలవడం నెమ్మదిస్తుంది. పీత కంటి కాడలో హార్మోన్లు తయారయ్యే చోటు ఉంది. కాడ్మియం తగిలితే అక్కడి హార్మోను ఒక్కసారిగా విడుదలై రక్తంలో చక్కెర పెరుగుతుందని పరిశోధకులు కోరంగిలో మేం చూసిన, ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న పీతల రకంలోనే చూపించారు. వరి మడి ఎండ్రకాయ మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఇలాంటి పరిశోధనలు జరిగాయి. ఇది ఎక్కడో విదేశాల చదువు కాదు, మన తెలుగు నేల మీద పండిన చదువే.

మా పొలం ఎండ్రకాయ పిల్లలు తల్లి పొట్ట కింద గుడ్లలోనే పెరిగి బుల్లి ఎండ్రకాయలుగానే బయటికి వస్తాయి. కోరంగి మడ బురదలో బతికే పెద్ద పీత, మండపీత కథ వేరు. ఆడపీత గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది. పిల్లలు కంటికి ఆనని లార్వాలుగా నీళ్లలో తేలుతూ, రూపం మీద రూపం మార్చుకుంటూ తిరిగి మడ అడవి చేరాలి. పెద్ద పీత తట్టుకునే మోతాదుకే ఈ లార్వాలు చచ్చిపోతాయి. గుట్టలుగా పీతలు చచ్చి ఒడ్డున పడితే పేపర్లో వస్తుంది, మీరూ కదులుతారు. పుట్టకుండా పోయిన పీతలు ఎవరికీ కనబడవు. వలలో పడేవి ఏటేటా తగ్గుతూ ఉంటే, కారణం ఏమిటో పట్టేవాడికీ తెలియదు.

అందుకే బురద లెక్క అడుగుతున్నాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు దాకా వచ్చింది. మంగపేట, ఏటూరునాగారం వైపు మా చుట్టాల ఇళ్లు మునిగాయి. వరద తీశాక ఇంట్లో, పొలంలో మోకాలి లోతు ఒండ్రు. నేను ఆ మట్టి రెండు డబ్బాల్లో నింపి ఒక పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లాను. లోహాలు చూడమన్నాను. ‘నీళ్లయితే చేస్తాం మేడం, మట్టికి మా దగ్గర ఏర్పాటు లేదు’ అన్నారు. ఆ డబ్బాలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.

నీళ్లలో లోహాలను లీటరుకు మైక్రోగ్రాముల్లో లెక్కపెడతారు. బురదలో కిలోకు మిల్లీగ్రాముల్లో. కొలమానమే వెయ్యి రెట్లు పెద్దది. తేటగా ఉన్న శీతాకాలపు నీళ్లు సీసాలో పట్టి పరీక్షిస్తే అంతా బాగానే ఉందని వస్తుంది. లోహం కదిలేది ఎర్రనీళ్లు వచ్చే జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో. అది ఒండ్రుతో పాటు పోతుంది, బ్యారేజీల వెనక కొంత ఆగుతుంది, మిగతాది సముద్రం దిక్కు దిగుతుంది. ఎల్లంపల్లి, మేడిగడ్డ, సమ్మక్క బ్యారేజీల వెనక పేరుకున్న పూడికలో ఏముందో ప్రజలకు చెప్పినవారు లేరు. నదీ యాజమాన్య బోర్డు 2014 పునర్విభజన చట్టం కింద ఏర్పడింది. ఎవరికెన్ని టీఎంసీలు అన్న తగువు మీ ముందుకు వస్తుంది. ఆ టీఎంసీలు ఏం మోసుకుపోతున్నాయో కూడా మీ ముందుకు రావాలి.

ఎవరినీ వేలెత్తి చూపి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఉన్న సంగతి చెప్పక తప్పదు. గోదావరి లోయ మన బొగ్గు లోయ. రామగుండం, జైపూర్, చెల్పూరు, మణుగూరు, పాల్వంచల్లో బొగ్గు కరెంటు ఉంది. ఆ కరెంటుతోనే మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. ఆర్సెనిక్, సీసం, క్రోమియం కొద్దికొద్దిగా ఆ బూడిదలో ఉంటాయి, పాదరసంలో కొంత పొగతో పోతుంది. బూడిదనంతా వాడేయాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెప్తోంది. కరెంటు ప్లాంట్ల బూడిద చెరువుల్లో ఏళ్లుగా పేరుకున్న పాత బూడిద పక్కనుంచి వాన నీళ్లు ఎటు పోతున్నాయో కొలిచి చూపించమని అడుగుతున్నాను. పట్టణాల్లో మనం చేసేదీ తక్కువేం కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టే చోట సీసం, రాగి కోసం వైర్లు కాల్చే చోట బూడిద, రంగులు పూసిన వినాయకులను చెరువులో వేస్తే ఆ రంగుల్లోని లోహాలు. ప్లాస్టర్ విగ్రహాలూ విషపు రంగులూ వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించింది. చవితి తెల్లారి మా వడ్డేపల్లి చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఆ కాగితం అక్కడిదాకా రాలేదనిపిస్తుంది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. లోహం ఉన్నంత మాత్రాన కాలుష్యం కాదు. గోదావరి పైభాగమంతా దక్కన్ నల్లరాతి నేల. ఆ రాయి అరిగితే రాగి, క్రోమియం, నికెల్ సహజంగానే వస్తాయి. నది పుట్టినప్పటి నుంచీ వస్తున్నాయి. కాబట్టి ఒక్క అంకె చూపించి భయపెట్టడం తప్పు, ఒక్క అంకె చూపించి ఏం ఫరవాలేదనడం కూడా తప్పు. కోరంగి బురదలో గొట్టం దించి లోతు నుంచి పొరలు తీస్తే కింది పొర పాతది, పై పొర కొత్తది. మట్టిలోని రేడియోధార్మికతను కొలిచే సీసం-210, సీజియం-137 పద్ధతులతో ఏ పొర ఏ కాలానిదో చెప్పొచ్చు. ఫ్యాక్టరీలు రాకముందు ఎంత ఉండేదో, ఇప్పుడెంత ఉందో ఆ బురదే చెప్తుంది. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) లాంటి సంస్థల దగ్గర అతి సూక్ష్మ మోతాదుల్లో లోహాలు కొలిచే యంత్రాలున్నాయి. కాకినాడలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కేంద్రం ఉంది. మా కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం ఉంది. మనుషులకు కొదవ లేదు, యంత్రాలకు కొదవ లేదు.

జపాన్‌లో జింజు అనే నది ఉంది. పైన కమియోకా గని నుంచి కాడ్మియం ఆ నదిలోకి వచ్చేది. కింద తొయామాలో రైతులు ఆ నీళ్లతో వరి పండించి, ఆ అన్నమే తిన్నారు. ఏళ్ల తర్వాత, ముఖ్యంగా పిల్లలను కన్న ఆడవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు మెత్తబడి, కదిలితే విరిగేవి. నొప్పి, నొప్పి అని వాళ్లు పెట్టిన కేకే ఆ జబ్బుకు పేరైంది, ఇటాయ్ ఇటాయ్. గని వల్లే అని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఎండ్రకాయ మొప్పలో కాల్షియం పేరుతో దూరే కాడ్మియమే అక్కడ ఆ తల్లుల ఎముకల్లోని కాల్షియంను తోడేసింది.

ఇప్పుడు రోలు దగ్గరికి వస్తాను. పీతలో కాడ్మియం కిలోకు 0.5 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ దేశాలు హద్దు పెట్టుకున్నాయి. కానీ ఆ హద్దు కాళ్లలోని, డెక్కల్లోని తెల్ల కండకే. లోహం ఎక్కువగా దాగే హెపటోపాంక్రియాస్‌కు అది వర్తించదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ప్రధానమైన తిండి కండే. మా అమ్మ రోట్లో దంచింది మొత్తం ఎండ్రకాయను. కోస్తాలో డొప్పలోని పచ్చటి గుజ్జును ఇష్టంగా తింటారు. ఇంకొకరి తిండి చూసి రాసుకున్న హద్దు మన రోటికి సరిపోదు. మనం తినేది ఎలా తింటున్నామో అలాగే కొలవాలి. కండ వేరుగా, గుజ్జు వేరుగా, దంచి తీసిన రసం వేరుగా.

నేను కోరేది పెద్ద ప్రాజెక్టు కాదు. శ్రీరామసాగర్ నుంచి కోరంగి దాకా కొన్ని చోట్లు ఎంచుకోండి. ఏటా వరదకు ముందు, వరదలో, వరద తర్వాత మెత్తటి బురద తీయండి. ఇసుక కలిస్తే లెక్క పలచబడుతుంది, అందుకని 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నటి భాగాన్నే చూడండి. మా పొలాల ఎండ్రకాయ, కోరంగి చిన్న పీత, మండపీత, ఈ మూడింటినీ ఏటా ఒకే సైజులో, ఆడ మగ వేరుచేసి, పెంకు వదిలినవాటిని పక్కన పెట్టి కొలవండి. వచ్చిన అంకెలను తెలుగులో, జిల్లాల వారీగా అందరికీ కనబడేలా పెట్టండి. 1974 నీటి చట్టంలో ప్రవాహం అన్న మాటలో నది ఉంది, ఆటుపోట్ల నీళ్లు కూడా ఉన్నాయి. చట్టానికి నదీ, అది సముద్రంలో కలిసే మొగా వేరు కాదు. మీ రెండు మండళ్లు ఒక పట్టికలో అంకెలు రాయడానికి రాష్ట్రాల హద్దు అడ్డం రాకూడదు. అటవీ శాఖ వారికి ఒక మనవి. కోరంగి నిర్వహణ ప్రణాళిక రాసేటప్పుడు నది పైనుంచి వచ్చే ఒండ్రుకు కూడా ఒక అధ్యాయం పెట్టండి.

అంకెలు బయటపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కోరంగి చుట్టూ ఊళ్లలో పీతల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. పీతల్లో విషం అని ఒక టీవీ చానెల్ ఒక సాయంత్రం అరిస్తే, మరునాటి పొద్దున వాళ్ల బుట్ట ఎవరూ కొనరు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి, నమూనాలు తీసే పని వాళ్లకే కూలి ఇచ్చి చేయించండి. ఏ బొరియలో ఏ పీత ఎప్పుడు పెంకు వదులుతుందో వాళ్లకు తెలిసినంత నాకు పుస్తకాల్లో దొరకలేదు.

మా వైపు నమూనాలు తీయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నా పాత విద్యార్థులు ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల కాలేజీల్లో పాఠాలు చెప్తున్నారు. వాళ్లతో మాట్లాడాను. పిల్లలను వెంటపెట్టుకుని వస్తామన్నారు. ఈ ఏడు ఎర్రనీళ్లు వచ్చేలోపు ఒక తేదీ, ఒక చోటు చెప్పండి. ఆ రెండు డబ్బాల మట్టి కూడా తెస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర అధ్యాపకురాలు